తడి, పొడి విడిగా ఇచ్చినా సెల్లార్‌లో ఒకటైపోతోంది. ఏం చేయాలి?

సెక్టార్6_సుజాత

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. ఇంట్లో తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడిది నీలం బుట్టలో వేస్తాం. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి మరీ పెడతాను. పొద్దున్నే మెట్లు తుడిచే ఆవిడ వచ్చి రెండూ తీసుకెళ్తుంది. నిన్న పాపని స్కూలు ఆటో ఎక్కించడానికి దిగితే సెల్లార్‌లో చూశాను, రెండు బుట్టలూ ఒకే డ్రమ్ములో దిమ్మరించేస్తోంది. మేము మడతపెట్టి ఇచ్చిన అట్టపెట్టెల మీద ఎవరింట్లోదో పులిసిపోయిన సాంబారు. "ఇంత కష్టం మనకెందుకు, అంతా ఒక కవర్లో కట్టి ఇచ్చెయ్" అంటున్నారు మా ఆయన. నాకు మాత్రం మనసొప్పడం లేదు. మీ అపార్ట్‌మెంట్లలో ఎలా చేస్తున్నారు? విడిగా ఇచ్చింది విడిగానే పోతోందా?

కంచరపాలెం_కిరణ్

మా దగ్గరా సెల్లార్ వరకే విడి, తర్వాత అంతా కలగూర గంప. మీ ఆయన చెప్పింది సబబే అనిపిస్తోంది నాకు.

ఉప్పుగాలి

కిరణ్ గారూ, అలా వదిలేస్తే ఎలా? సుజాత గారూ, చెత్త కలిసేది బండిలో కాదు, మీ సెల్లార్‌లోనే అని మీరే కళ్లారా చూశారు. అంటే సరిచేయడం మీ చేతుల్లో ఉన్న పనే. ముందు అక్కడ డ్రమ్ములు ఎన్ని ఉన్నాయో చూడండి.

సెక్టార్6_సుజాత

ఒకటే ఉంది. పెద్ద నీలం డ్రమ్ము.

ఉప్పుగాలి

ఒక్క డ్రమ్ము ఇచ్చి రెండు రకాలు విడిగా పోయమంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

అక్కయ్యపాలెం_అరుణ

ఇది గట్టిగా చెప్పాలి. మెట్లు తుడిచే మనిషి అయిదంతస్తులు ఎక్కి దిగుతూ ప్రతి గుమ్మం ముందు రెండేసి బుట్టలు తీసుకోవాలి. లిఫ్టులో చెత్త తేవద్దంటారు. చేతికి గ్లవ్స్ ఉండవు. జీతం పెంచమంటే మీటింగులో అందరూ ఫోన్లు చూసుకుంటారు. తప్పు ఆవిడ మీద వేసే ముందు మనం ఏం సమకూర్చామో చూసుకోవాలి కదా.

సెక్టార్6_సుజాత

అరుణ గారూ, ఆవిడని తిట్టాలని రాయలేదండీ. కానీ మీరు చెప్పాక ఆలోచిస్తే నిజమే, ఆవిడకి ఇలా చేయమని ఎవరూ చెప్పినట్టే లేదు.

తుక్కు_లెక్క

మర్రిపాలెం వైపు మాది పాత సామాన్ల షాపు. మా నాన్న పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మా దగ్గరికి వచ్చాక ఏం జరుగుతుందో చెబితే మీకు ఏది ముఖ్యమో తెలుస్తుంది.

గోనె మూట విప్పగానే వాసన బట్టి తెలిసిపోతుంది, అది ఇంట్లోనే విడదీసిందా, కుప్పలోంచి ఏరిందా అని. ఇంటి నుంచి పొడిగా వచ్చిన అట్టపెట్టె అట్ట కిందే అమ్ముడుపోతుంది. అదే అట్ట మీద పప్పు, నూనె పడితే మిల్లు వాళ్లు తీసుకోరు. కాగితం గుజ్జు చేసేటప్పుడు నూనె నీళ్లలో కలవదు, గుజ్జులోనే ఉండిపోయి కాగితం మీద మచ్చలు పడతాయి. తడిసిన అట్ట బరువెక్కువ తూగుతుందని పెద్ద షాపుల వాళ్లు తూకంలో కోత పెడతారు. ఆ కోత చివరికి కుప్పల్లో ఏరుకుని తెచ్చేవాళ్ల మీదే పడుతుంది.

ప్లాస్టిక్ అంటే మీకు ఒకటే. మాకు చాలా రకాలు. షాపులో ఇద్దరు ఆడవాళ్లు గోనెసంచి పరుచుకుని కూర్చుని ఏరుతారు. నీళ్ల సీసా చేతిలోకి తీసుకుని మూత తిప్పి ఒక బుట్టలో, మెడ దగ్గరుండే రింగు చిన్న కత్తితో కోసి అదే బుట్టలో, రేపర్ చింపి ఒక పక్కకి, సీసా తొక్కి ఇంకో పక్కకి. తెల్ల సీసా వేరు, పచ్చ సీసా వేరు. తెల్లదానికి రేటు ఎక్కువ, దాన్ని ఏ రంగు సరుకుగానైనా మార్చుకోవచ్చు కాబట్టి. షాంపూ సీసాలు, డిటర్జెంట్ డబ్బాలు ఇంకో రకం. బకెట్లు, మగ్గులు, టిఫిన్ డబ్బాలు మరో రకం. నూనె సీసాలు విడిగా పెడతాం, జిడ్డు మిగతావాటికి అంటుకుంటుంది.

అందుకే మీరు రకరకాలుగా విడదీయకపోయినా పర్లేదు, ఆ పని మాకు వచ్చు. పొడిది పొడిగా ఇస్తే చాలు, అన్నం మెతుకు తగలకుండా.

కొండవాలు

తుక్కు_లెక్క గారూ, మూత తీసి ఇవ్వాలా, బిగించి ఇవ్వాలా? మా ఇంట్లో రోజూ దీని మీదే గొడవ.

తుక్కు_లెక్క

మా షాపుకి ఎలా ఇచ్చినా ఒకటే, ఎలాగూ తీస్తాం. సీసా ఒక ప్లాస్టిక్, మూత ఇంకో ప్లాస్టిక్. ఫ్యాక్టరీలో ముక్కలు చేసి నీళ్ల తొట్టెలో పోస్తే సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. అక్కడ పైనుంచి తోడేస్తారు. మీ ఇంట్లో గొడవ ఆపేయొచ్చు. లోపల నీళ్లు మాత్రం వంపేసి, తొక్కి ఇవ్వండి. ఖాళీ సీసాలు నొక్కకుండా ఇస్తే ఆటోలో మేం మోసేది గాలే.

కొండవాలు

మా అత్తగారు గెలిచారు. ఆవిడకి చూపించను.

కిరణ్_గాజువాక

పాల ప్యాకెట్ కడగడానికి నీళ్లు దండగ కదా? ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధి మాది.

వంటింటి_వాణి

పప్పు కడిగిన నీళ్లలో ఒకసారి జాడిస్తే చాలు. అసలు నీళ్లు విడిగా ఎందుకు ఖర్చు? కడగకపోతే రెండో రోజుకే పురుగులు పడతాయి, అప్పుడు ఇంట్లో ఉంచలేరు. నేను బాల్కనీలో బట్టల క్లిప్పుకి తగిలిస్తాను. విశాఖ డైరీ ప్యాకెట్లన్నీ ఒక పెద్ద కవర్లో చేరుస్తాను, నెలకోసారి పాత పేపర్లవాడికి ఇచ్చేస్తాను. ఇంకో మాట, మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగిపోకుండా చూడండి. గోరంత ముక్క ఎవరూ ఏరరు, అది కాలవలోకే పోతుంది.

మాధవధార_మాష్టారు

వాణి గారి మాట బాగుంది. ఆ చిన్న ముక్కల సంగతి పిల్లలకి క్లాసులో చెబుతాను. చాకొలెట్ రేపర్లు, షాంపూ సాషేలు, సాస్ పొట్లాలు కూడా అలాంటివే. చిన్నవి కాబట్టి ఎవరూ వంగి తీయరు.

పీఎంపాలెం_ప్రసాద్

పొడి చెత్తలో కూడా తుక్కు షాపు తీసుకోనివి చాలా ఉంటాయి. చిప్స్ ప్యాకెట్ లోపల వెండి రంగులో మెరుస్తుంది చూశారా? అది ప్లాస్టిక్ పొరల మీద పల్చగా అల్యూమినియం పూత. పొరలన్నీ అతుక్కుని ఉంటాయి, విడదీయడం గిట్టుబాటు కాదు. బిస్కెట్, కాఫీ పొడి, నూడుల్స్ ప్యాకెట్లలో చాలావరకు ఇదే వ్యవహారం. ఇలాంటివి సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో బొగ్గుతో పాటు మండించడానికి పంపుతారు, లేకపోతే కరెంటు తీసే ప్లాంటుకి. మన కాపులుప్పాడలో 15 మెగావాట్ల ప్లాంటు ఉంది కదా. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే ఉంది, కిలోకి 1500 కిలో కేలరీలు, అంతకు మించి వేడినిచ్చే చెత్తని గొయ్యిలో పూడ్చకూడదని. అంటే సుజాత గారు పొడిగా ఇచ్చింది రీసైక్లింగ్‌కి పనికిరాకపోయినా, కనీసం మండటానికి పనికొస్తుంది. అదే సాంబారులో నానితే చాలా వేడి ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది.

బీచ్_నడక

ప్రసాద్ గారూ, కాల్చడాన్ని రీసైక్లింగ్‌తో సమానం చేయకండి. కాల్చేస్తే ఆ సరుకు మళ్లీ రాదు. పైగా ఎలాగూ కరెంటు వస్తుంది కదా అని జనం విడదీయడం మానేస్తారు.

పీఎంపాలెం_ప్రసాద్

సమానం అనలేదండీ. ముందు తక్కువ కొనాలి, తర్వాత మళ్లీ వాడాలి, తర్వాత తుక్కు షాపు, ఏ దారీ లేనిది మాత్రమే కొలిమికి. కానీ చిప్స్ ప్యాకెట్‌కి ఈరోజు మన ఊళ్లో మీరు ఇంకో దారి చూపిస్తారా?

బీచ్_నడక

కొనకుండా ఉండటమే దారి. మా పిల్లలకి రైతు బజార్ పక్కన వేయించే శనగలు పొట్లం కట్టించి తెస్తున్నాను. ఆ పొట్లం కాగితమే.

వంటింటి_వాణి

పిల్లలు ఊరుకున్నారా?

బీచ్_నడక

పెద్దాడు ఊరుకున్నాడు. చిన్నది ఇంకా ధర్నాలో ఉంది.

నర్సు_నాగమణి

ఎర్ర బుట్ట గురించి ఎవరూ మాట్లాడలేదు. 2021 అక్టోబర్ 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైనప్పుడు మూడు రంగుల బుట్టలు ఇచ్చారు. ఆకుపచ్చ, నీలం అందరికీ గుర్తున్నాయి. ఎర్రది చాలా ఇళ్లలో ఉల్లిపాయల బుట్ట అయిపోయింది.

ఆ ఎర్ర బుట్టే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. మా ఇంటి చుట్టుపక్కల షుగర్ ఉన్నవాళ్లు ఎంతమందో. ఇన్సులిన్ సూదులు అలాగే కవర్లో వేసేస్తారు. కవర్ నొక్కి కట్టే మనిషి అరచేతిలో గుచ్చుకుంటుంది. ఎవరి రక్తమో తెలియని సూది. హెపటైటిస్ బి అలా అంటుకోవచ్చు. సూదిని మందమైన డబ్బాలో వేయండి. ఖాళీ డిటర్జెంట్ డబ్బా చాలు, మూత గట్టిగా బిగించి పైన మార్కర్‌తో "సూదులు" అని తెలుగులో పెద్దగా రాయండి. మంచినీళ్ల సీసా వద్దు, పల్చగా ఉంటుంది, పొడుచుకొస్తుంది.

శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి పైన ఎర్ర పెన్నుతో గుండ్రం గీయండి. తీసేవాళ్లకి విప్పి చూడాల్సిన అవసరం రాదు. పగిలిన గాజు కూడా మందంగా కాగితంలో చుట్టి రాసి ఇవ్వండి. పాడైన ట్యూబులైట్లు పగలగొట్టకండి, లోపల పాదరసం ఉంటుంది.

అక్కయ్యపాలెం_అరుణ

నాగమణి గారూ, ఈ పోస్టు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడుతున్నాను.

కంచరపాలెం_కిరణ్

పాత సెల్‌ఫోన్లు, పవర్ బ్యాంకులు? మా ఇంట్లో ఉబ్బిపోయిన బ్యాటరీ ఒకటి సొరుగులో ఉంది.

పీఎంపాలెం_ప్రసాద్

కిరణ్ గారూ, ఉబ్బినదాన్ని సొరుగులో ఉంచకండి. నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగ్ అసలు పెట్టకండి. కాగితాలకీ బట్టలకీ దూరంగా ఒక ఇనుప డబ్బాలో పెట్టి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి. చెత్త బండిలో వేస్తే నొక్కేటప్పుడు పగిలి మంట లేస్తుంది. ఈ-వ్యర్థాలకి, బ్యాటరీలకి 2022లో విడివిడిగా నియమాలు వచ్చాయి. అమ్మిన కంపెనీలే పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత పెట్టుకోవాలి.

సింహాద్రి_అత్తయ్య

ఒక సందేహం. దేవుడి దగ్గర పూలు, తులసి దళాలు, కొబ్బరికాయ పీచు, అవి కూడా ఈ ఆకుపచ్చ బుట్టలోనే వెయ్యాలా? నిన్నటి కూర తొక్కుల్లో నిర్మాల్యం కలపడానికి నాకు చేతులు రావు. ఇన్నేళ్లూ మావారు కవర్లో పెట్టి సముద్రంలో కలిపి వస్తున్నారు.

బీచ్_నడక

అత్తయ్యగారూ, పూలు కలిసిపోతాయి కానీ కవర్ కలవదు. నేను రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడుస్తాను. కార్తీకమాసంలో అయితే అలల అంచున ముడివేసిన కవర్లు వరసగా ఉంటాయి. లోపల బంతిపూలు, కుంకుమ, అగరబత్తి పెట్టె అలాగే కనిపిస్తాయి. చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికే వస్తాయి. వాటికి తేలే కవరుకీ జెల్లీఫిష్‌కీ తేడా తెలియదు.

ఆరిలోవ_రమణ

అయినా చెత్త బుట్టలో వెయ్యమనడం బాగోలేదు. అత్తయ్యగారి మాటకి విలువ ఇవ్వాలి.

పెందుర్తి_పెరడు

ఎవరి మాటా తీసిపడేయక్కర్లేదు. అత్తయ్యగారూ, పూజ పూలు కూర తొక్కులతో కలపకండి. ఒక మట్టి కుండీ దానికే పెట్టుకోండి. దండలో దారం తీసేయండి, చాలా దండలు ఇప్పుడు ప్లాస్టిక్ దారంతో కడుతున్నారు, అది మట్టిలో కరగదు. రేకలు విడదీసి ఒక పూట నీడలో ఆరబెట్టి, కొంచెం మట్టి చల్లి కుండీలో వెయ్యండి. మళ్లీ పూలు, మళ్లీ మట్టి. మూడు నెలలకి మెత్తటి ఎరువవుతుంది. దాన్ని మందార మొక్కకి వెయ్యండి, ఆ మందారం దేవుడికే పెట్టండి.

సింహాద్రి_అత్తయ్య

ఇది బాగుంది నాయనా. మా బాల్కనీలో ఖాళీ కుండీ ఉంది, ఎండిపోయిన కరివేపాకుది. కొబ్బరి పీచు కూడా అందులోనే వెయ్యొచ్చా?

పెందుర్తి_పెరడు

పీచు విడదీసి కుండీ అడుగున పరవండి, నీళ్లు నిలవకుండా చూస్తుంది. చిప్ప మాత్రం వద్దు, ఏళ్లు పడుతుంది.

లాసన్స్‌బే_లత

పెరడు గారూ, తడి చెత్త ఇంట్లోనే ఎరువు చేయాలని పోయినేడాది మా అక్క మొదలుపెట్టింది. వానాకాలంలో తెల్ల పురుగులు, వాసన. పక్కింటివాళ్లు గొడవపడ్డారు. మన ఊరి ఉక్కకి ఇది కుదరదేమో?

పెందుర్తి_పెరడు

కుదురుతుంది. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైంది, గాలి తక్కువైందని. మన దగ్గర గాల్లోనే తేమ ఉంటుంది కాబట్టి పుస్తకాల్లో రాసినదానికన్నా ఎండు సరుకు ఎక్కువ వెయ్యాలి. నేను తొక్కులు ఒక వంతు వేస్తే ఎండుటాకులు రెండు వంతులు వేస్తాను. మా కాలనీలో రోడ్డు ఊడ్చి కాల్చేసే ఆకులన్నీ సంచుల్లో తెచ్చుకుంటాను. ఆకులు కాల్చడం తప్పు కూడా. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని 2016లోనే హరిత ట్రిబ్యునల్ చెప్పింది.

బకెట్టుకి పక్కల, అడుగున కన్నాలు పెట్టాలి. అడుగున ఇటుక ముక్కలు. రోజూ తొక్కులు చిన్నగా తరిగి వేసి, పైన ఆకులతో పూర్తిగా కప్పేయాలి, తొక్క ఒక్కటి కూడా కనబడకూడదు. అప్పుడు ఈగ గుడ్డు పెట్టదు. వారానికి రెండుసార్లు కర్రతో కిందా మీదా కలపాలి. పులిసిన మజ్జిగ ఒక గ్లాసు నీళ్లు కలిపి చల్లితే త్వరగా మురుగుతుంది. చెయ్యి పెట్టి చూస్తే మధ్యలో వెచ్చగా తగులుతుంది, అలా తగిలిందంటే పని సాగుతున్నట్టే. పిడికిట్లో పట్టి పిండితే వేళ్లు తడవాలి గానీ నీళ్లు కారకూడదు. కారితే ఇంకో దోసెడు ఆకులు.

నూనె కూరలు, చారు పోసిన అన్నం వెయ్యకండి. అవే పురుగులకి పిలుపు.

ఆరిలోవ_రమణ

మరి చేపల సంగతో? ఆదివారం ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం తెస్తే తలకాయ పులుసుకి పోను మిగతా పొలుసులు, పేగులు, రొయ్య పొట్టు... మధ్యాహ్నానికే ఇల్లు లేచిపోతుంది.

పెందుర్తి_పెరడు

బకెట్లో వద్దు. పెరడు ఉంటే కొబ్బరి చెట్టుకి రెండడుగుల దూరంలో మోకాలు లోతు గొయ్యి తీసి పూడ్చి, పైన బండరాయి పెట్టండి. లేకపోతే పిల్లులు, కుక్కలు రాత్రికే తవ్వేస్తాయి. రొయ్య పొట్టు మట్టికి చాలా మంచిది, సున్నం ఉంటుంది. పెరడు లేకపోతే ఒక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టి, బండి వచ్చే పూట తడి చెత్తలో ఇచ్చేయండి.

వంటింటి_వాణి

నేనూ అదే చేస్తాను. ఒకసారి మా తమ్ముడు ఐస్‌క్రీం డబ్బా అనుకుని తీశాడు.

ఆరిలోవ_రమణ

ఆ తర్వాత మళ్లీ మీ ఇంటికి వచ్చాడా?

కొండవాలు

పెళ్లిళ్లు, ఫంక్షన్ల చెత్త సంగతి కూడా చెప్పుకోవాలి. పోయిన నెల మా బంధువుల గృహప్రవేశంలో పేపర్ ప్లేట్లు, పేపర్ గ్లాసులు. పేపర్ కదా అని అందరూ తృప్తిగా ఉన్నారు. గ్లాసు గోరుతో గీకి చూడండి, లోపల పల్చని ప్లాస్టిక్ పొర లేస్తుంది. అది కాగితం కిందా పోదు, ప్లాస్టిక్ కిందా పోదు, ఎరువులోనూ కరగదు.

మాధవధార_మాష్టారు

పాడేరు, అరకు వైపు అడవుల నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లు ఉండగా ఈ పేపర్ ప్లేట్లు ఎందుకో నాకు అర్థం కాదు. గిరిజన ఆడవాళ్లు ఆకు కోసి ఎండబెట్టి కుట్టి తెస్తారు. అన్నం తిన్నాక ఆవు మేస్తుంది, లేకపోతే మట్టిలో కలుస్తుంది. మా అమ్మాయి పెళ్లిలో విస్తళ్లే వేయించాను. క్యాటరింగ్ అతను ముందు ముఖం చిట్లించాడు, పులుసు కారుతుందని. రెండు ఆకులు కలిపి వేస్తే కారలేదు.

కిరణ్_గాజువాక

ధర?

మాధవధార_మాష్టారు

ప్లేటు కన్నా కొంచెం ఎక్కువే పడింది. అయినా ఇచ్చిన ప్రతి రూపాయీ కొండ మీద ఎవరింటికో చేరిందని నాకు సంతోషం.

లాసన్స్‌బే_లత

పాత బట్టలు? తుక్కు షాపు తీసుకోదు కదా.

సింహాద్రి_అత్తయ్య

మా వీధిలోకి స్టీలు సామాన్ల ఆవిడ వస్తుందిగా. పాత చీరలకి గిన్నె ఇస్తుంది. బేరం గట్టిగా ఆడాలి. పోయినసారి నాలుగు చీరలకి టీ జల్లెడ ఇస్తానంది, చివరికి మూతతో సహా డబ్బా తీసుకున్నాను.

వంటింటి_వాణి

అత్తయ్యగారూ, మీరు మా మీటింగుకి కూడా రావాలి.

తుక్కు_లెక్క

కాటన్ బట్టలైతే చిరిగినా పర్లేదు, మెకానిక్ షెడ్లవాళ్లు తుడుచుకోవడానికి కొంటారు. బొత్తాలు, జిప్పులు తీసి కట్ట కట్టండి.

మాటల్లో మాట, అల్యూమినియం ఫాయిల్ డబ్బాలు, కూల్‌డ్రింక్ టిన్నులు పారేయకండి. గనిలోంచి తీసి కొత్తగా చేసే అల్యూమినియంతో పోలిస్తే పాతది కరిగించడానికి శక్తి సుమారు 5 శాతమే పడుతుంది. తుక్కులో దానికి ఎప్పుడూ గిరాకీ తగ్గదు. బిర్యానీ ఫాయిల్ డబ్బా ఒకసారి జాడించి నలిపి ఉండ చేసి ఇవ్వండి.

బీచ్_నడక

జ్యూస్ డబ్బాలు, అదే టెట్రా ప్యాక్?

తుక్కు_లెక్క

అందులో ఎక్కువ భాగం అట్టే, లోపల ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు. చిన్న షాపులు తీసుకోవు. పెద్ద మొత్తం పోగైతే కొనేవాళ్లు ఉన్నారు. అపార్ట్‌మెంట్ అంతా కలిసి ఒక సంచిలో చేర్చితే మా లాంటివాళ్లం పంపగలం. ఒక్క ఇంటి నుంచి రెండు డబ్బాలంటే ఎవరికీ గిట్టదు. థర్మోకోల్ కూడా అంతే, బరువుండదు, ఆటో నిండిపోతుంది.

ఉప్పుగాలి

సుజాత గారూ, మీ అసలు ప్రశ్న దారి తప్పింది. మా కొమ్మాది అపార్ట్‌మెంట్లో పనిచేసిన పద్ధతి చెబుతాను. మేమూ మొదట రెండు బుట్టలూ రోజూ ఇచ్చేవాళ్లం, కలిసిపోయేది. తర్వాత బుట్టలు కాకుండా రోజులు విడదీశాం. తడి చెత్త రోజూ. పొడి చెత్త బుధవారం, శనివారం మాత్రమే. మిగతా రోజుల్లో పొడిది గుమ్మం ముందు పెట్టినా తీయరు. పొడిది నాలుగు రోజులు ఇంట్లో ఉన్నా కంపు కొట్టదు, కడిగి ఆరబెడితే. కడగనివాళ్లకి రెండో రోజుకే తెలిసొచ్చింది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తీసేవాళ్లు కూడా ఒక పూట ఒక రకమే మోస్తారు కాబట్టి కలిసే అవకాశమే లేదు.

ఇంకొకటి, పొడిది అమ్మగా వచ్చిన డబ్బు మొత్తం మెట్లు తుడిచే ఇద్దరికే ఇచ్చేస్తాం. అసోసియేషన్ ఖాతాలోకి వద్దని మొదటి రోజే రాసుకున్నాం. అప్పటినుంచి తడిసిన అట్ట వస్తే వాళ్లే వెనక్కి ఇచ్చేస్తున్నారు.

అక్కయ్యపాలెం_అరుణ

చెత్త ముట్టుకునే మనిషికి అందులో వాటా ఇస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. కానీ దాన్ని జీతంలో కోసుకోకూడదు సుమా. అలా చేసిన అపార్ట్‌మెంట్ ఒకటి నాకు తెలుసు.

ఉప్పుగాలి

లేదండీ, జీతం జీతమే. గ్లవ్స్, బూట్లు కూడా అసోసియేషన్ ఖర్చే.

కంచరపాలెం_కిరణ్

రోజులు విడదీయడం... ఇది నాకు తట్టలేదు. మా సెక్రటరీకి చెబుతాను. సుజాత గారూ, మొదట్లో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సెక్టార్6_సుజాత

ఆదివారం మీటింగ్ పెట్టాం. నాగమణి గారి పోస్టు, తుక్కు_లెక్క గారి పోస్టు చదివి వినిపించాను. మెట్లు తుడిచే ఆవిడని కూడా కూర్చోబెట్టాం, కుర్చీ వేసి. ఆవిడ చెప్పిన మొదటి మాట, "రెండో డ్రమ్ము కావాలని పోయినేడాదే అడిగాను" అని. ఎవరికి చెప్పిందో ఆ పెద్దమనిషి తల దించుకున్నారు.

రెండో డ్రమ్ము కొన్నాం, ఆకుపచ్చది. బుధ, శనివారాల పద్ధతి ఈ వారం నుంచే. పొడి డబ్బు ఆవిడకే. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్ రెండు జతలు తెచ్చాం. మూడో అంతస్తులో ఒక కుటుంబం మాత్రం "మాకు టైం లేదు, మేం ఒకే కవర్లో ఇస్తాం" అని ఖచ్చితంగా చెప్పేశారు. వాళ్లతో ఎలా?

అక్కయ్యపాలెం_అరుణ

వాళ్ల కవర్ విప్పి ఏరమని ఆవిడకి మాత్రం చెప్పకండి. విడదీయని కవర్ గుమ్మం దగ్గరే ఉండనివ్వండి.

ఉప్పుగాలి

మా దగ్గర అలాంటివాళ్లు రెండు ఇళ్లు. నాలుగు రోజుల్లో దారికొచ్చారు. గొడవ పడలేదు, మాటా అనలేదు.

సింహాద్రి_అత్తయ్య

వాళ్లింట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతో మాట్లాడమ్మా. చిన్నవాళ్లకి టైం ఉండదు గానీ పెద్దవాళ్లకి ఉంటుంది. పాల ప్యాకెట్ ఆరేసే పని నాకు మా కోడలు అప్పగించింది, హాయిగా చేసుకుంటున్నాను.

సెక్టార్6_సుజాత

వాళ్ల మావగారు రోజూ సాయంత్రం కిందే కూర్చుంటారు. అడుగుతాను అత్తయ్యగారూ. తుక్కు_లెక్క గారూ, ఒక్క సందేహం మిగిలింది. సాస్ సీసాలు, జామ్ సీసాలు మా పాత పేపర్లవాడు వద్దంటున్నాడు. ఏం చేయాలి?

తుక్కు_లెక్క

బీరు సీసాలైతే కంపెనీ కడిగి మళ్లీ నింపుతుంది కాబట్టి అందరూ కొంటారు. సాస్ సీసా అలా కాదు, పగలగొట్టి కరిగించాల్సిందే, అందుకే విడిగా రేటు ఉండదు. అపార్ట్‌మెంట్ అందరివీ కడిగి ఒక గోనెసంచిలో వేయించండి, పగలగొట్టకుండా. సంచి నిండాక ఆటోలో వేసి మర్రిపాలెం పంపండి, తీసుకుంటాను. అద్దం ముక్కలు, పింగాణీ కప్పులు, ఓవెన్ గాజు గిన్నెలు మాత్రం అందులో కలపొద్దు. అవి సీసా గాజుతో కరగవు, మొత్తం లోడు తిప్పి పంపేస్తారు.